మీకు తెలుసా? ఫ్రెంచి లారీ గుండె, అమెరికా కారులో!

ఫోర్డ్ కంపెనీ 1932లో తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి-8 ఇంజిన్‌కు అమెరికా కార్లలో 1953తోనే కాలం చెల్లింది. ఫ్రాన్స్‌లో మాత్రం సిమ్కా కంపెనీ మిలిటరీ లారీల కోసం ఆ తర్వాత కూడా దాన్ని తయారుచేసింది. సైన్యం వద్ద మిగిలిపోయిన ఆ ఇంజిన్లు అమ్మకానికి రాగానే అమెరికాలోని హాట్‌రాడ్ ప్రియులు ఎగబడ్డారు. పాత కారును విప్పి, బరువు తగ్గించి, జోరు పెంచుకునే పిచ్చి వాళ్లది!

అయితే లారీ ఇంజిన్ తెచ్చి కారులో బిగించేస్తే సరిపోదు. మిలిటరీ లారీలో కరెంటు 24 వోల్టులు, 1932 నాటి ఫోర్డ్ కారులో 6. కాబట్టి స్టార్టరు, ఇగ్నిషన్ సంగతి ముందే తేల్చుకోవాలి. అసలు తలనొప్పి వేడితో. ఈ ఇంజిన్లో వాల్వులు హెడ్‌లో కాక, సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి. కాలిన పొగ బ్లాకు లోపలి నుంచే బయటపడాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు దారులు మూడే. నడిమి రెండింటికీ ఒకటే గతి. ఆ సెగలో చాలావరకు ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలోకే దిగుతుంది. రేడియేటర్ దగ్గర పిసినారితనం చూపితే బండి దారిలోనే ఆవిరి కక్కుతుంది.

ఇంతకీ 1932లో ఈ ఇంజిన్ ఇచ్చిన శక్తి 65 హార్స్‌పవర్ మాత్రమే.