రోస్టర్ పాయింటు ఎక్కడ మాయమైంది?
ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలు – దళిత నిరుద్యోగులు

ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల గురించి ఎవరిని కదిలించినా ముందుగా వినిపించేది మోసం కథ. డబ్బు కట్టించుకుని ఉద్యోగం ఇయ్యలేదని, ఇచ్చినా మూడు నెలలకొకసారి జీతం వేస్తున్నారని, పి.ఎఫ్. కోశారు గాని కట్టలేదని. ఈ ఫిర్యాదులన్నీ నిజమే. అయితే సమస్యను మోసం దగ్గరే ఆపితే, ఒక 'మంచి ఏజెన్సీ' దొరికితే చాలు అంతా సర్దుకుంటుందన్న భ్రమ మిగిలిపోతుంది. పైసా లంచం తీసుకోకుండా, ఒకటో తారీఖున జీతమిచ్చే ఏజెన్సీ కూడా దళిత నిరుద్యోగి దగ్గర ఒకటి తీసేసుకుంటుంది. అది వరసలో అతనికున్న చోటు. మేం ఇక్కడ ప్రధానంగా మాట్లాడదలచుకున్నది ఆ చోటు గురించే.

విద్యార్థి మిత్రుల కోసం ముందు రోస్టర్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. రాజ్యాంగం 16(4) అధికరణంలో ఉన్న హక్కు ఆఫీసు గదిలోకి వచ్చేసరికి ఒక రిజిస్టర్‌గా మారుతుంది. అందులో నూరు పాయింట్లుంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1996 నాటి సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లోని 22వ రూలు ప్రకారం నడిచిన రోస్టర్‌లో రెండో పాయింటు ఎస్సీ మహిళది, ఏడో పాయింటు ఎస్సీది. అంటే ఒక శాఖలో రెండో ఖాళీ నింపేటప్పుడు ఆ గుమాస్తాకు ఇష్టమున్నా లేకున్నా ఒక దళిత స్త్రీ ముందుకు వచ్చి నిలబడుతుంది. నింపకపోతే అది బ్యాక్‌లాగ్ అవుతుంది, దాని కోసం కొట్లాడవచ్చు. రిజర్వేషన్ అన్న పెద్ద మాట చివరికి ఈ రిజిస్టర్‌లోని గీతల మీదే బతుకుతున్నది.

ఏజెన్సీ వచ్చినచోట ఈ రిజిస్టర్ ఉండదు. ఎందుకంటే ప్రభుత్వం దృష్టిలో అక్కడ 'నియామకం' జరగలేదు. జరిగింది కొనుగోలు. కుర్చీలు, స్టేషనరీ కొన్నట్టుగా పదిమంది కంప్యూటర్ ఆపరేటర్ల 'సేవ'ను టెండరు పిలిచి కొన్నారు. కుర్చీలకు రోస్టర్ ఉంటుందా? వాదన చాలా శుభ్రంగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో 45 రోజులు, అంతకు మించి సాగే తాత్కాలిక నియామకాల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ పాటించాలన్న ఉత్తర్వులున్నాయి. 2022 నవంబరులో వాటిని మరోసారి గుర్తు చేశారు కూడా. నలభై అయిదు రోజుల ఉద్యోగానికి రోస్టర్ కావాలి, ఏజెన్సీ కింద పదిహేనేళ్లు అదే కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి అక్కర్లేదు!

ఇది ఒక్కరోజులో వచ్చిపడలేదు. 1959 నాటి చట్టం ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయాలన్నది. మా మేనమామల తరం ఆ కార్డును రేషన్ కార్డు కన్నా భద్రంగా ట్రంకుపెట్టెలో దాచుకున్నారు, రెన్యువల్ తారీఖు దాటకుండా జిల్లా కేంద్రానికి బస్సెక్కారు. ఎక్స్ఛేంజిలో అన్యాయాలు లేవని మేం అనడం లేదు. పిలుపు కాగితం వాడకు చేరకముందే ఊళ్లో ఆగిపోయిన సంగతులు అందరికీ తెలుసు. అయినా అక్కడ ఒక సీనియారిటీ లిస్టు ఉండేది, 'నాకన్నా వెనక చేరినవాణ్ని ఎట్లా పిలిచారు?' అని అడగడానికి వీలుండేది. మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులోనే 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పేర్లతో పాటు పత్రికల్లో కూడా ప్రకటించి అర్హులందర్నీ పరిశీలించాలని చెప్పింది. తలుపు ఇంకాస్త తెరవమన్న తీర్పది.

కానీ అదే కాలంలో వెనక తలుపు సిద్ధమవుతున్నది. ఆంధ్రప్రదేశ్ 1994 నాటి రెండో నంబరు చట్టం రోజుకూలి నియామకాలను నిషేధించింది. దొడ్డిదారి నియామకాలు ఆపడానికని చెప్పారు. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆర్థిక పునర్నిర్మాణం మొదలైంది, పోస్టులు నింపవద్దన్నారు. కానీ ఆఫీసులు మూతపడలేదు, ఫైళ్లు నడవాలి, ఆసుపత్రి ఊడవాలి, హాస్టల్లో వండాలి. మనుషులు కావాలి, ఉద్యోగులు మాత్రం వద్దు. ఈ చిక్కుముడికి దొరికిన జవాబే ఏజెన్సీ. ఇక్కడ కాంట్రాక్టుకు, ఔట్‌సోర్సింగ్‌కు తేడా గమనించాలి. కాంట్రాక్టు ఉద్యోగికి శాఖతో ఒప్పందం ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ మనిషికి శాఖతో ఏ సంబంధమూ లేదని కాగితం చెబుతుంది. అందుకే 2023లో రెండు తెలుగు రాష్ట్రాలూ కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించడానికి పూనుకున్నప్పుడు ఔట్‌సోర్సింగ్ వాళ్లు బయటే నిలబడ్డారు. మరో విడ్డూరం. అనేక జిల్లాల్లో ఈ ఏజెన్సీల ఎంపిక కోసం నోటిఫికేషన్ ఇచ్చేది జిల్లా ఉపాధి కార్యాలయమే. నిరుద్యోగుల వరస రాసిన బల్ల మీదే ఇప్పుడు ఏజెన్సీల వరస రాస్తున్నారు.

ఇక ఏజెన్సీ గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. మేం మాట్లాడిన యువకుల్లో డిగ్రీ, పి.జి.డి.సి.ఎ. చేసినవాళ్లున్నారు, బి.ఇడి. చేసి అటెండరు పనికి వెళ్లినవాళ్లున్నారు. అందరూ ఒకే మాట చెప్పారు. ఏజెన్సీ ఆఫీసులో మొదటి ప్రశ్న చదువు గురించి ఉండదు. "ఎవరు పంపిన్రు?" అన్నదే మొదటి ప్రశ్న. ఒక తమ్ముడు చెప్పినట్టు, "అన్నా, సర్టిఫికెట్లు ముందల పెట్టిన. ఆయన తియ్యనే లేదు. ఎవరి మనిషివి అన్నడు. నేనెవరి మనిషినో నాకే తెల్వది." శాసనసభ్యుడి లెటరు, సూపరింటెండెంటు బావమరిది ఫోను, ఏజెన్సీ ఓనరు ఊరు – ఈ మూడింట్లో ఒకటన్నా ఉండాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన వాడికి ఈ మూడూ ఉండవు. కులం పేరు ఎత్తకుండానే కులం పని చేసిపోతుంది.

అందుకే దళిత నిరుద్యోగి నిరాశకు ఒక ప్రత్యేకత ఉంది. అతన్ని ఎవరూ తిరస్కరించరు! పరీక్షలో తప్పితే మార్కులుంటాయి, ఇంటర్వ్యూలో పోతే లిస్టు ఉంటుంది. ఏజెన్సీలో నోటిఫికేషన్ లేదు, దరఖాస్తుకు నంబరు లేదు, ఎంపిక జాబితా లేదు. "చెప్తం, ఫోన్ చేస్తం" అంటారు. ఆ ఫోను రాదు. వివక్ష జరిగిందని కోర్టుకు గాని కమిషన్‌కు గాని వెళ్లాలంటే చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. పక్క కుర్చీలో కూర్చున్నవాడు ఎట్లా వచ్చాడో చెప్పే కాగితం కూడా ఉండదు. వర్గీకరణ కోసం 1994 నుంచి దండోరా వేసి, 2025లో చట్టాలుగా సాధించుకున్న గ్రూపుల వాటాలు కూడా రిజిస్టర్ ఉన్నచోటే పనిచేస్తాయి కదా. రిజిస్టరే లేనిచోట మాలలకు ఎంత, మాదిగలకు ఎంత అని తేల్చుకోవడానికి మిగిలేది ఏమిటి?

ప్రైవేటు రంగంలో ఇదే సంగతిని పరీక్షించి చూపినవాళ్లున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, పత్రికా ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67 మాత్రమే, ముస్లిం పేరుకు 0.33. అక్కడ కనీసం ప్రకటన ఉంది కనుక కొలవగలిగారు. మన దగ్గర ఇంటి పేరు సరిపోకపోతే చిరునామా ఉండనే ఉంది. 'ఎస్సీ కాలనీ', 'అంబేద్కర్ నగర్' అని రాసినాక ఇంక అడిగేదేముంటుంది!

ఇప్పుడు డబ్బు సంగతి. ఏజెన్సీ సేవకు ప్రభుత్వం కమీషన్ ఇస్తుంది, ఏజెన్సీలు పోటీ పడి ఆ కమీషన్‌ను తగ్గించి కోట్ చేస్తాయి. ఎంతదాకా తగ్గించాయంటే, రుసుము సున్నా అని రాసిన టెండర్లను లెక్కలోకి తీసుకోవద్దని 2014 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇయ్యవలసి వచ్చింది. ఏ వ్యాపారీ ఉత్తపుణ్యానికి వ్యాపారం చెయ్యడు. ఆఫీసు దగ్గర తీసుకోని లాభం ఎక్కడో తీసుకోవాలి. అది ఉద్యోగం వెతుక్కునేవాడి దగ్గర తీసుకుంటారు. చేరేటప్పుడు 'డిపాజిట్' అంటారు, ఏజెన్సీ మారినప్పుడల్లా పాతవాళ్ల దగ్గరే మళ్లీ వసూలు చేస్తారు. గల్ఫ్‌కు పంపే ఏజెంటు అభ్యర్థి దగ్గర ఎంత తీసుకోవచ్చో 1983 ఎమిగ్రేషన్ చట్టం కింది నిబంధనలు చెబుతాయి. ఇక్కడ ఒక్క రూపాయీ తీసుకోకూడదు. తీసుకోకూడదు కనుక రసీదు లేదు, రసీదు లేదు కనుక తీసుకోనట్టే. తల్లి మెడలో పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన డబ్బుకు సాక్ష్యం తల్లి ఒక్కతే.

జీతం లెక్క ఇంకా చూడాలి. తెలంగాణలో 2021 జూన్‌లో ఔట్‌సోర్సింగ్ వాళ్ల నెల జీతాలను మూడు తరగతులుగా 15,600, 19,500, 22,750 రూపాయలకు పెంచారు. అట్టడుగు తరగతి తీసుకుందాం. పి.ఎఫ్. కింద ఉద్యోగి వాటా 12 శాతం, 1,872. ఇ.ఎస్.ఐ. 0.75 శాతం, 117. వృత్తి పన్ను 150. చేతికి 13,461 రావాలి. యజమాని వాటాలు – పి.ఎఫ్. 12 శాతం, ఇ.ఎస్.ఐ. 3.25 శాతం – అతని జీతంలోంచి తియ్యకూడదు. తీశారనుకోండి, ఇంకో 2,379 పోయి 11,082 మిగులుతుంది. ఇరవైమంది ఉన్న ఒక్క ఆఫీసులో నెలకు 47 వేలు! పే స్లిప్పు ఇవ్వకపోవడంలోని రహస్యం ఇదే. "ఎంత కోసిన్రో అడిగితే, రేపట్నుంచి రావద్దంటరు సార్" అని ఒక హాస్టల్ వర్కరు చెప్పింది.

ఒక్కచోట మాత్రం ఏజెన్సీలు దళితుల కోసం వెతుక్కుంటూ వస్తాయి. చీపురు దగ్గర. మునిసిపాలిటీల్లో, ఆసుపత్రుల్లో పారిశుద్ధ్య పనికి రోస్టర్ అవసరం పడలేదు, కులమే నూటికి నూరుశాతం రిజర్వేషన్ అమలు చేసింది. ఒకప్పుడు ఆ పనికైనా పర్మనెంటు నౌకరీ, పింఛను, చనిపోతే కొడుక్కి ఉద్యోగం ఉండేవి. ఆ నౌకరీలో ఉన్నవాళ్ల పిల్లలే కాలేజీలకు వచ్చారు. ఇప్పుడు అదే చీపురు ఏజెన్సీ చేతిలో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఒకటి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టవద్దంటుంది. కానీ ఊడ్చడం, శుభ్రపరచడం, చెత్త ఎత్తడం మామూలుగా 'ప్రధాన కార్యకలాపం' కిందికి రావని అందులోనే రాసుకున్నారు. బల్ల దగ్గర రోస్టర్ పోయింది, చీపురు దగ్గర రక్షణ పోయింది. రెండువైపులా పోయింది మనదే.

కోర్టుల వైపు చూసేవాళ్లకు రెండు తీర్పులు చెప్పాలి. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారం రానివాళ్లకు క్రమబద్ధీకరణ హక్కు లేదన్నది. ఆ తీర్పును చూపించి పద్ధతి తప్పిన ప్రభుత్వాలను కాకుండా పనిచేసినవాళ్లనే శిక్షిస్తూ వచ్చారు. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో అదే కోర్టు, కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోట పని చేసినవాళ్లను పర్మనెంటు చెయ్యమన్నది. వాళ్లను తీసేసి అదే పనిని ఔట్‌సోర్సింగ్‌కు ఇవ్వడాన్ని తప్పుపట్టింది. ఇది మంచి ఆధారమే గాని, లోపల ఉన్నవాళ్లకే. గుమ్మం దగ్గర ఆగిపోయినవాడికి ఇందులో ఏమీ లేదు.

చెయ్యడానికి వీల్లేని పని కాదని ప్రభుత్వాలే నిరూపించాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో ఔట్‌సోర్సింగ్ కోసం ఒక ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి, 2020 జులై నుంచి దాని ద్వారా జీతాలివ్వడం మొదలుపెట్టింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం, మొత్తంలో స్త్రీలకు సగం అని నియమం పెట్టుకున్నది. అప్పటికే ఏజెన్సీల కింద ఉన్నవాళ్లనే చాలావరకు అందులోకి మార్చారు కనుక, మొదటి ఎంపికలో జరిగిన అన్యాయం అట్లాగే లోపలికి నడిచొచ్చింది. అయినా ఔట్‌సోర్సింగ్‌లో వాటా లెక్క పెట్టడం అసాధ్యమన్న వాదన అక్కడితో చచ్చిపోయింది.

జిల్లాల్లో పనిచేసే మిత్రులు వెంటనే చెయ్యగల పనులు కొన్నున్నాయి. సమాచార హక్కు చట్టం కింద ఏజెన్సీని అడగడం కష్టం, శాఖను అడగడం తేలిక. ఆ ఆఫీసుకు, ఏజెన్సీకి మధ్య ఒప్పందం నకలు, నెలనెలా చెల్లించిన బిల్లులు, వాటితో జతచేసిన పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలాన్లు అడగండి. ముప్పై రోజుల్లో ఇయ్యాలి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే ఆ శాఖే, చెల్లించాలన్న నియమం 1970 చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. పనిచేస్తున్నవాళ్లు తమ యు.ఎ.ఎన్. నంబరుతో పి.ఎఫ్. పాస్‌బుక్ నెలకొకసారి చూసుకోవాలి. వీటన్నిటి కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మీ ఆఫీసులో ఏజెన్సీ ద్వారా పనిచేస్తున్నవాళ్లు ఎందరు, అందులో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, వాళ్లు ఏ పనుల్లో ఉన్నారు? రాతపూర్వకంగా అడగండి. 'మా దగ్గర ఆ వివరాలు లేవు' అని సమాధానం వస్తే, ఆ కాగితాన్ని పారెయ్యకుండా ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు పెట్టే పిటిషన్‌కు మొదటి పేజీగా జతచెయ్యండి.