మెచ్చుకోలు – కొనుగోలు

ఇంట వంటకు బియ్యము కొలుచునపుడే "భోజనమున కెందరు?" అని యడుగుదుము గదా. సొమ్ము వెచ్చించి సరకు చేయబూనునపుడు మాత్రము, కొనువా రెందరని యడుగ మరచుచున్నాము.

ఈ మరపు ఎంత చెరుపు చేయునో మా ఓరుగల్లులోనే చూచితిమి. మా వీథి సోదరి యొకతె గాజులు కుదువబెట్టి గుడ్డసంచులు కుట్టించెను. చూచినవారెల్లరు మెచ్చిరి, కొన్నవారు లేరు. సంచులు అటక నెక్కినవి. గాజులు మాత్ర మింకను ఇల్లు చేరలేదు.

కావున మేము కొందరము కూడి, కొత్తవాడ నేతవారిచే పూజకు చిన్న ఆసనములు నేయించి అమ్మదలచినపుడు తొందరపడలేదు. ఓరుగల్లు తివాసీలు 1851లో లండను మహాప్రదర్శనమున వెలసినవి. ఇచటి జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అయినను కీర్తి వేరు, గిరాకి వేరు. మగ్గముపై పడుగు ఎక్కించిన పిమ్మట వెడల్పు మార్చుట సులభము గాదు. విచారణ యంతయు అంతకు ముందే జరుగవలయును.

ఇంటిలోని పాత జంపఖానాను కత్తిరించి, అంచులు కుట్టి, రెండు మచ్చులు చేసితిమి. ఇరువది యిండ్లకు కొనిపోతిమి. "బాగున్నదా?" అని యడుగలేదు, అట్లడిగిన మర్యాదకు బాగున్నదనియే యందురు. "ఇపుడు దేనిపై కూర్చుందురు? అందు ఇబ్బంది యేమి?" అని యడిగి, ధర చెప్పి, కొంత బయానా కోరితిమి. తగినంతమంది చేరకున్న సొమ్ము తిరిగి యిచ్చెదమనియు చెప్పితిమి.

మెచ్చినవా రిరువదిమంది, బయానా యిచ్చినవారు ముగ్గురే. అయితే ఒక మాట పలువురి యిండ్ల వినవచ్చెను: మోకాళ్లనొప్పిచే నేల కూర్చుండలేని పెద్దలకు, కుర్చీపై పరచుటకు తగినది కావలెనని. కొలత మార్చి మరల పోగా పదునొకండుగురు బయానా యిచ్చిరి. అపుడే పడుగు ఎక్కింపుడని నేతవారికి చెప్పితిమి.

పెద్ద వ్యాపారములకును ఇదియే త్రోవ. నిజామాబాదు ప్రాంతీయుడగు ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగుళూరినుండి ఇల్లు చేర బస్సు టిక్కెట్టు దొరకక చిక్కుపడెను. ఆ యిబ్బంది తన యొక్కనిదేనా యని ఏజెంట్లను, ప్రయాణికులను విచారించి, మిత్రులతో కూడి 2006లో "రెడ్‌బస్" నెలకొల్పెను.

గాజులు కుదువబెట్టిన సోదరియే నేడు మా బయానా లెక్కలు వ్రాయుచున్నది. మచ్చు చూపి, బయానా చేత బడిన పిదపనే సరకునకు సొమ్ము పెట్టవలెనని యామె ప్రతివారికిని చెప్పుచుండును.