వెన్నులో పోటు
నడుం నొప్పికి మంచం మందు కాదు. కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు.

జస్‌ప్రీత్ బుమ్రాకు బ్యాట్స్‌మెన్ కంటే ఎక్కువగా ఎదురు తిరిగింది ఆయన నడుమే. 2019లో నడుం కింది ఎముకలో సన్నని చీలిక బయటపడింది. 2022లో టి20 ప్రపంచ కప్ చేజారింది. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆగస్టులో గానీ మళ్లీ మైదానంలోకి దిగలేకపోయారు. ఫాస్ట్ బౌలర్ బంతి విసిరే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. వేలసార్లు అదే జరిగితే వెన్నుపూస వెనక భాగం బీటలు వారుతుంది.

కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగికి ఆ ముప్పు లేదు. ఆయన బాధ ఎక్కువగా కండరాలదీ, డిస్కులదీ.

వెన్నెముకలో కదిలే పూసలు 24: మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. వాటి నడుమ మెత్తల్లాంటి డిస్కులు 23. డిస్కు పైన గట్టి నార, లోపల తాటిముంజెలాంటి గుజ్జు. పెద్దయ్యాక దానికి రక్తప్రసారం దాదాపు ఉండదు. అందుకే దెబ్బ తింటే మానడం ఆలస్యం. శరీరం బరువంతా మోసే చివరి రెండు డిస్కులే ఎక్కువగా దెబ్బ తింటాయి. నార చిరిగి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగుతుంది. అదే సయాటికా.

మెడ కథ మరోలా ఉంటుంది. సుమారు 5 కిలోల తలను మోస్తూనే అన్ని వైపులా తిరగాలి. వెనక నుంచి మరో వాహనం ఢీకొడితే తల కొరడాలా వెనక్కీ ముందుకూ ఊగి కండరాలు, లిగమెంట్లు సాగిపోతాయి. కారు సీటుకు తల ఆనించే దిండు ఉన్నది అందుకే, కునుకు తీయడానికి కాదు. దాన్ని కిందికి దించేస్తే రక్షణ తగ్గుతుంది.

చాలామందికి కొన్ని వారాల్లో నొప్పి తగ్గిపోతుంది. రోజుల తరబడి పడుకుంటే, నెలల తరబడి మెడపట్టీ వేసుకుంటే కండరాలు బలహీనపడతాయి. వీలైనంతలో నడవడమే మేలు. ఎమ్మారైలో డిస్కు ఉబ్బు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. నొప్పే లేనివారిలోనూ అది కనిపిస్తుంది.

అయితే మూత్రం పట్టు తప్పినా, ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లు చచ్చుబడుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నరాలపై ఒత్తిడి తొలగించడం ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు. జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నెముక క్షయ కాదని తేల్చుకోవాలి. మన దేశంలో అది అరుదేమీ కాదు. ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలినవారిని లేపి కూర్చోబెట్టడం మరో పొరపాటు. అంబులెన్స్ వచ్చేదాకా తల, మెడ కదలకుండా పట్టుకోవడమే వారికి చేయగల పెద్ద సాయం.