పట్టణపు చెత్తనుండి ఎరువు: సర్కారు సహాయము, రైతు జాగ్రత్త

పొలమున పండిన ధాన్యము, కూరగాయలు, పండ్లు, పాలు పట్టణమునకు పోవును. వానితోబాటు నేలలోని సారమును కొంత పోవును. పూర్వము ఊరిలో పండినదానిలో చాలభాగము ఊరిలోనే వాడుకయగుటచేత, పెంటకుప్పల మూలమున ఆ సారము తిరిగి పొలమునకే చేరుచుండెను. పట్టణములు పెరిగిన పిమ్మట సారము పోవుటయే కాని తిరిగివచ్చుట లేదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, అంగళ్లలోని కుళ్లిన ఆకులు ఊరి వెలుపల దిబ్బలుగా పడుచున్నవి. రైతు మాత్రము ఏటేట వెలయిచ్చి ఎరువు కొనుచున్నాడు.

దిబ్బలో చెత్త ఊరక పడియుండదు. లోపల గాలి ఆడనందున అది కుళ్లి మీథేను అను మండెడు వాయువును పుట్టించును. దిబ్బలు తరచుగా అంటుకొనుటకు ఇది యొక కారణము. ఈ వాయువు నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడిచేయును. దిబ్బనుండి ఊరెడు నల్లనినీరు చుట్టుపట్ల బావులను చెరచును. అదే చెత్తకు గాలియు తగినంత తడియు అందినచో కొన్ని నెలలలో మంచి ఎరువగును. దోషము చెత్తది కాదు. దానిని వేయు తీరుది.

ఈ సంగతిని శాస్త్రరీతిగా నిరూపించిన స్థలములలో ఇందూరు ముఖ్యమైనది. హోల్కారు సంస్థానము ఇచ్చిన 300 ఎకరముల భూమిలో 1924లో అచట సస్యపరిశోధన సంస్థ యేర్పడెను. దాని అధ్యక్షుడు ఆల్బర్టు హోవర్డు, సహాయకుడు యశ్వంత్ వాడ్ కలిసి, పశువులక్రింద పరచిన గడ్డిగాదము, పేడ, మూత్రముతో తడిసిన మన్ను, బూడిద అను వానిని లోతులేని గుంటలలో పొరలుగా వేసి, నడుమ మూడుమార్లు తిరుగవేసి, సుమారు 3 నెలలలో ఎరువు తీయు విధానమును స్థిరపరచి 1931లో ప్రకటించిరి. దానికే ఇందూరు పద్ధతి యని పేరు వచ్చెను. 1934లో జాక్సన్, వాడ్ అనువారలు ఆ పద్ధతినే పట్టణపు చెత్తకు అన్వయించి వివరించిరి. తిరుగవేయు కూలి తగ్గునట్లు చెత్తను కందకములలో పొరలుగా నింపి మన్నుతో కప్పు పద్ధతిని 1939లో బెంగుళూరునందు ఆచార్య యను శాస్త్రజ్ఞుడు చూపెను. ఇది మాగుటకు ఎక్కువ నెలలు పట్టును.

విధానము తెలిసియు చెత్త దిబ్బలకే పోవుటకు కారణము ఖర్చు. చెత్తను ఏరుటకు, మాగబెట్టుటకు, జల్లించుటకు, పొలమునకు చేర్చుటకు సొమ్ము కావలెను. కావున ప్రభుత్వము చేయూత నీయవలసి వచ్చెను. 2016 ఏప్రిలులో వెలువడిన ఘనవ్యర్థ నిర్వహణ నియమములు, తడిచెత్త, పొడిచెత్త, ఇంటిలోని హానికర వస్తువులు అను మూడింటిని ఎవరి యింటివద్ద వారే వేరుచేయవలెనని విధించినవి. కుళ్లెడు పదార్థములను పూడ్చుదిబ్బలకు చేర్చరాదనియు, ఎరువుల కంపెనీలు 6, 7 బస్తాల రసాయనపు టెరువుతో 3, 4 బస్తాల కంపోస్టును కూడ అమ్మవలెననియు చెప్పినవి. ఆ సంవత్సరముననే పట్టణ కంపోస్టు టన్నుకు 1,500 రూపాయల సహాయము ప్రకటింపబడెను. ఈ సొమ్ము రైతుచేతికి వచ్చునది కాదు. అమ్మువారికి ముట్టి, వారు వెల తగ్గింపవలెనని ఉద్దేశము. ఆ యేర్పాటు 2021లో నిలిచిపోయినది. 2023లో, పేడనుండియు చెత్తనుండియు వాయువు తీయు కర్మాగారములలో మిగులు సేంద్రియపు టెరువునకు అదే మొత్తమున సహాయమిచ్చుటకై 2025-26 వరకు 1,451 కోట్ల రూపాయలకు పైగా కేటాయింపబడెను.

ఇందూరు పట్టణమే దీనికి మరల దృష్టాంతమైనది. ఇండ్లవద్దనే చెత్త వేరగునట్లు చేసి, 2018 నాటికి పాతదిబ్బలోని సుమారు 13 లక్షల టన్నుల చెత్తను తవ్వి, జల్లించి తొలగించిరి. దినమునకు 550 టన్నుల తడిచెత్తను తీసికొని వాయువును ఎరువును ఇచ్చు కర్మాగారము 2022 ఫిబ్రవరిలో ఆ స్థలముననే ప్రారంభమయ్యెను. ఇచట యంత్రముకంటె ముందు జరిగినది గృహిణి చేతిలోని రెండు బుట్టల యేర్పాటు అని మరువరాదు.

ఇక రైతు తన లెక్క తాను చూచుకొనవలెను. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము పట్టణ కంపోస్టులో నత్రజని కనీసము నూటికి 0.8, భాస్వరము 0.4, పొటాషు 0.4 పాళ్లు ఉండవలెను. అనగా టన్నుకు నత్రజని 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలుండును. కావున ఒక బస్తా యూరియాకు సరిపడు నత్రజనికి రెండున్నర టన్నుల కంపోస్టు తోలవలెను. నత్రజని కొరకే కొన్నచో ఇది గిట్టదు. కాని టన్ను కంపోస్టులో కనీసము 120 కిలోల సేంద్రియ కర్బనమున్నది. యూరియా నేలకు దీనిని చేర్చజాలదు. దీనివలన ఇసుకనేల తడిని నిలుపుకొనును, గట్టినేల గుల్లబారును, చల్లిన రసాయనపు టెరువు వృథాపోక పైరునకు అందును. కావున కంపోస్టును యూరియాకు బదులుగా కాక తోడుగా వాడుట మేలు. బండికూలి వెలను మించకుండ, సమీప పట్టణమునుండియే తెచ్చుకొనవలెను.

అన్నిటికంటె పెద్ద భయము మరియొకటి కలదు. కలిపి పారవేసిన చెత్తనుండి చేసిన ఎరువులో గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు, పాత బ్యాటరీలనుండి వచ్చు సీసము, కాడ్మియము ఉండవచ్చును. ఎరువు కిలోకు సీసము 100, కాడ్మియము 5 మిల్లీగ్రాములు మించరాదని పై ఉత్తర్వు విధించినది. పురుగుపట్టిన పైరును మరుసటియేట మరల వేయవచ్చును. నేలలో చేరిన సీసమును ఏ రైతును ఏరి తీయలేడు. తక్కువ వెలకు వచ్చినదని చెడ్డ ఎరువు తోలుకొన్నవాడు పట్టణపు దిబ్బను తన పొలమునకు తెచ్చుకొన్నవాడగును.

కొనువారు గమనింపవలసినవి:

1. బస్తాపై ఉత్తర్వు ప్రకారము పాళ్లు అచ్చుపడియున్నవో లేదో చూడవలెను. విడిగా కొనునపుడు పరీక్షాపత్రమును అడుగవలెను.

2. బాగుగ మాగిన కంపోస్టు నల్లగా, పొడిపొడిగా నుండి, తొలకరినాటి మట్టివాసన వేయును. దుర్గంధము వేసినను, కుప్పలో చేయిపెట్టిన వేడి తగిలినను మాగలేదని తెలియవలెను. పచ్చిఎరువు నేలలోని నత్రజనిని తాను లాగికొని పైరును పసుపుబార్చును.

3. ఒక చాటెడు ఎరువును జల్లించి, గాజు, ప్లాస్టిక్ కనబడిన తిరుగగొట్టవలెను.

4. సందేహమున్నచో ఒక కుండలో ఆ ఎరువు కలిపిన మన్నును, వేరొక కుండలో వట్టి మన్నును పోసి, రెంటను సమముగ గింజలు విత్తి మొలకలను పోల్చిచూడవలెను. లోహముల సంగతి మాత్రము ప్రయోగశాలయే తేల్చవలెను.

5. కొనిన ఎరువును ఎండలో పరచియుంచక, విత్తుటకు ముందు పదును చూచి చల్లి వెంటనే కలియదున్నవలెను.

టన్నుకింతయని యిచ్చు సహాయము ఎరువు వెలను తగ్గింపగలదు; గుణమును మాత్రము పెంచజాలదు. చెత్తను వేరుచేయు పట్టణవాసియు, పరీక్షింపక కొనని రైతును కలిసినప్పుడే సర్కారు వెచ్చించిన రూపాయి నేలకు చేరును. పట్టణమునకు పోయిన సారమును తిరిగి కోరుట రైతునకు న్యాయమే. దానిని శుభ్రముగ పంపుమని యడుగుటయు అంతే న్యాయము.