చర్చి పదవులు: పని ఎవరిది, పెత్తనం ఎవరిది?

దళిత ఉద్యమంలో క్రైస్తవం గురించి చర్చ వస్తే మాట మత మార్పిడి దగ్గరే ఆగిపోతోంది. చర్చి లోపల అధికారం ఎలా నడుస్తుంది, బిషప్పుకీ పాస్టరుకీ సంఘ పెద్దకీ తేడా ఏమిటి, ఇన్ని శాఖలు ఎందుకు పుట్టాయి అన్న ప్రశ్నల జోలికి పోవడం లేదు. ఇవి తెలుసుకోకుండా చర్చిలో కులం ఎక్కడ కూర్చుందో చెప్పలేం.

ముందు మాటల సంగతి చూద్దాం. కొత్త నిబంధన గ్రీకులో మూడు పేర్లున్నాయి. ఎపిస్కొపోస్ అంటే పైనుండి చూసుకునేవాడు. తెలుగు బైబిల్లో అధ్యక్షుడు. ప్రెస్బుతెరోస్ అంటే పెద్ద. దియాకొనోస్ అంటే పరిచారకుడు. బిషప్, ప్రీస్ట్, డీకన్ అనే మాటలు వీటి నుంచే వచ్చాయి. మొదట్లో ఇవి పనుల పేర్లే తప్ప హోదాలు కావు. ఫీబే అనే స్త్రీకి కూడా పౌలు దియాకొనోస్ అన్న మాటే వాడాడు. రెండో శతాబ్దం తొలినాళ్ళలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాల నాటికి ఒక బిషప్పు, ఆయన కింద పెద్దలు, వాళ్ళ కింద డీకన్లు అనే మెట్లు కనిపిస్తాయి. 313లో కాన్‌స్టంటైన్ క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చాక ఆ మెట్లకు రాజ్యం అండ దొరికింది. బిషప్పు పరిధిని ఇవాళ డయాసిస్ అంటున్నాం కదా, అది రోమన్ సామ్రాజ్యంలో ఒక పరిపాలనా విభాగం పేరు. పని పేరు పదవి పేరైంది. పదవికి పరగణా వచ్చింది.

శాఖల మధ్య తగాదా సిద్ధాంతం గురించి మాత్రమే కాదు, ఎవరి మాట చెల్లాలన్నదాని గురించి కూడా. 1054లో తూర్పు, పడమటి చర్చిలు విడిపోవడంలో రోము పోపు అధికారం ఒక ముఖ్యమైన తగువు. 1517లో లూథర్ మొదలుపెట్టిన తిరుగుబాటు తర్వాత మూడు పద్ధతులు స్థిరపడ్డాయి. కాథలిక్కులు, ఆంగ్లికన్లు బిషప్పు పాలన ఉంచుకున్నారు. జెనీవాలో కాల్విన్ బాటన నడిచినవాళ్ళు పెద్దల సభకు అధికారం ఇచ్చారు. బాప్టిస్టులు ఏ ఊరి సంఘం ఆ ఊరిదే అన్నారు.

ఈ తగాదాలన్నీ యూరపువి. అవి మన వాడలకు మిషనరీలతో వచ్చాయి. మిషన్లు ప్రాంతాలను తమలో తాము పంచుకున్నాయి. ఒంగోలు దిక్కున పుడితే బాప్టిస్టు, గుంటూరు దిక్కున పుడితే లూథరన్, మెదక్‌లో పుడితే మెథడిస్టు. మనవాళ్ళు శాఖను ఎంచుకోలేదు, ఉన్న ఊరే ఎంచింది. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువమంది మాలలు కావడంతో శాఖల గీత, ఉపకులాల గీత చాలాచోట్ల ఒకటైపోయాయి. ఆ నష్టం ఇంకా తీరలేదు.

అయితే పని చేసిందెవరు? ఒంగోలు ఉద్యమానికి దారి వేసింది క్లౌ దొర ఒక్కడే కాదు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగారు. కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులు. చరిత్ర పుస్తకాల్లో మిగిలింది మాత్రం దొర పేరు. బోధకుడు, ఉపదేశి, పల్లె బడి పంతులు, బైబిలు స్త్రీ: అట్టడుగు మెట్లన్నీ దళితులవే. జీతం, బదిలీ, ఆస్తి మాత్రం పై మెట్టు చేతిలో.

పై మెట్టు మెల్లగా కదిలింది. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్లుకు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తమిళ నాడార్ కుటుంబంలో పుట్టినా మాల, మాదిగల నుంచి ఎందరినో గురువులుగా అభిషేకించాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందులో తొలి మహిళా బిషప్‌గా 2013లో ఇ. పుష్పలలిత నంద్యాలకు వచ్చింది. కాథలిక్ చర్చిలో మరీ ఆలస్యం. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు ఆర్చిబిషప్ అయితే తొలి దళిత ఆర్చిబిషప్ అన్నారు. 2022లో పూల అంతోని తొలి దళిత కార్డినల్ అయ్యాడు. గర్వించదగ్గదే. కానీ అన్నేళ్ళు ఎందుకు పట్టిందని అడగవద్దా?

చర్చి బయట ఇంకో దెబ్బ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఏళ్ళ తరబడి పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ కాడు కాబట్టి అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదని చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు అతని మతం అడిగి తిట్టడు. వాడలో పాస్టరు పదవి రక్షణనే పోగొట్టే పదవైంది.

అందుకే పాఠకులకు ఒక సూచన. మీ ఊరి సంఘంలో నాలుగు సంగతులు కనుక్కోండి. పాస్టరును నియమించేదెవరు? బదిలీ చేసేదెవరు? స్థలం ఎవరి పేరున ఉంది? లెక్కలు చూసేదెవరు? బిషప్పు పాలన అయితే ప్రశ్న డయాసిస్‌ని అడగాలి. స్వతంత్ర సంఘమైతే మన మధ్యే కూర్చున్న పెద్దల్ని అడగాలి. పరిచారకుడు అన్న మాటకు పాత అర్థం తిరిగి రావాలంటే ఆ అడగడం మనతోనే మొదలు కావాలి.