పాతర - గాదె - జాడీ

‘పాతరవేయుట’ అన్న మాటకు నేటి వాడుకలో మంచి అర్థం లేదు. సత్యాన్ని పాతరవేశారనీ, న్యాయాన్ని పాతరవేశారనీ పత్రికలు వ్రాస్తూ ఉంటాయి. మరుగుపరచడం, నాశనం చేయడం అన్న భావంలోనే మన విద్యార్థులు ఆ మాటను ఎరుగుదురు. కాని రాయలసీమలోను, తెలంగాణలోను పూర్వపు రైతు నోట ఆ మాట వస్తే అర్థం వేరుగా ఉండేది. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. పాతరవేయడమంటే రాబోయే గడ్డుకాలానికై జొన్నలను భద్రపరచడం. మాట మిగిలింది, గొయ్యి పూడిపోయింది.

నీరు ఊరని గట్టి మెరక నేలను ఎన్నుకొని, లోతుగా గొయ్యి త్రవ్వి, లోపలి గోడల వెంట జొన్నచొప్పనో, ఎండుగడ్డినో దట్టంగా పేర్చి, బాగా ఎండిన జొన్నలను నింపి, పైన మరల గడ్డి పరచి మట్టితో మూసివేసేవారు. దొంగలకు, దండులకు, అగ్నిప్రమాదాలకు సులభంగా అందని కొట్టు అది. ఇందులోని రహస్యం ఇది: ధాన్యపు గింజ జీవమున్న వస్తువు, అది శ్వాసిస్తుంది. మూతపడిన గోతిలో గింజలు, వాటితో లోనికి పోయిన పురుగులు అక్కడి ప్రాణవాయువును పీల్చివేసి బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. ప్రాణవాయువు తరిగి, ఆ వాయువు పేరుకొనేసరికి పురుగులు చచ్చిపోతాయి. ఏ మందూ చల్లనక్కరలేదు. అయితే ఆ గాలి మనిషికి కూడ మృత్యువే. పాతర తెరచిన వెంటనే లోనికి దిగి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. అందుచేత అనుభవజ్ఞులు మూత తీసి చాలసేపు వదలివేసి, వెలుగుతున్న దీపాన్ని త్రాటితో లోనికి దింపి, అది ఆరిపోకుండ ఉంటేనే మనిషిని దింపేవారు.

గోలకొండ కోటను చూడబోయిన విద్యార్థులు పైకి ఎక్కే దారిలో అంబర్‌ఖానా శిథిలాలను చూచి ఉంటారు. ఫారసీలో ‘అంబార్’ అంటే నిల్వ. అబ్దుల్లా కుతుబ్‌షా (1626-72) పాలనాకాలపు కట్టడమది. ముట్టడి వచ్చినప్పుడు కోటకు అంబర్‌ఖానా ఎట్టిదో, వానలు తప్పినప్పుడు రైతు ఇంటికి పాతర అట్టిది.

నేల త్రవ్వితే నీరు పడే డెల్టాలో గొయ్యి పనికిరాదు. అక్కడ వరిగడ్డి త్రాడు చుట్టలు చుట్టి కట్టిన పురులు, చెక్క గాదెలు వాడుకలో ఉండేవి. తెలంగాణ ఇళ్లలో వెదురుతో అల్లి పేడమట్టితో మెత్తిన గుమ్ములు ఉండేవి. విత్తనపు కంకులను మాత్రం నూర్చకుండ, పొయ్యి పొగ తగిలేటట్లు వంటింటి దూలానికి వ్రేలాడదీసేవారు. యూసుఫ్ ప్రవక్త వృత్తాంతం మన చదువరులకు తెలియనిది కాదు. ఏడేండ్ల కరవు రానున్నదని ఎరిగి, అంతకు ముందటి ఏడేండ్ల పంటలో తినగా మిగిలినదానిని వెన్నులోనే ఉంచి దాచుమని ఆయన సలహా ఇచ్చిన ఘట్టం ఖురానులో ఉన్నది. వెన్నులోని గింజకు పైపొట్టు కవచం. నూర్పిడిలో దెబ్బతిన్న గింజ పగుళ్లలోనే పురుగు, బూజు త్వరగా చోటు చేసుకొంటాయి.

కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం, పప్పులకు ఆముదం రాయడం, విత్తనాలలో బూడిద, వేపాకు కలపడం కూడ ఇట్టివే. పప్పుధాన్యాల పురుగు గింజ పైభాగాన గ్రుడ్లు పెడుతుంది. నూనె పొర ఆ గ్రుడ్లకు గాలి అందనీయదు. బూడిద పురుగు ఒంటిమీది మైనపు పొరను ఒరిపిడితో చెరపి, దాని శరీరాన్ని ఎండిపోజేస్తుంది.

కూరగాయలు, మాంసం, చేపల సంగతి వేరు. గింజలోని తేమ నూటికి 12 పాళ్లకు దిగితే చాలవరకు భయం లేదు. కాని పచ్చి మామిడికాయలోను, మాంసంలోను ముప్పాతికవంతో, అంతకు మించియో నీరే. ఆ నీటిని తీసివేయాలి, లేదా సూక్ష్మజీవులకు అక్కరకు రాకుండ చేయాలి. వంకాయ, గోరుచిక్కుడు, కాకర ఒరుగులు, గుమ్మడి వడియాలు, కోస్తాలోని ఎండురొయ్యలు మొదటి మార్గానికి చెందినవి. బక్రీదునాడు పంచిపెట్టగా మిగిలిన మాంసాన్ని మా దాదీమా సన్నని పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి పెరటిలో త్రాటిమీద ఎండవేసేది. కాకులను తోలడం పిల్లల పని. ఆ పనిలో నేను శ్రద్ధ చూపలేదని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకొంటారు.

రెండవ మార్గం ఊరగాయ. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది; ఆ ఉప్పునీటిలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరుగలేవు. మామిడి పులుపు, ఆవపిండి ఘాటు అందుకు తోడుపడతాయి. పైన తేలే నూనె గాలిని అడ్డుతుంది. జాడీలో తడి చేయి పెట్టరాదన్న పెద్దల హెచ్చరికను ఛాదస్తమని పరిహసించేవారున్నారు. నీటిచుక్క పడినచోట ఉప్పు పలుచబడి బూజుకు తావు దొరుకుతుంది. అందులో ఛాదస్తమేమీ లేదు.

ఇంతవరకు చదివినవారికి పూర్వకాలమంతా సుభిక్షంగా గడిచిందన్న భ్రాంతి కలుగవచ్చు. దాచుకొనడానికి ముందు మిగులు ఉండాలి. ఏనాటి కూలి ఆనాడు కొలిపించుకొని తినే ఇంట గాదె ఎక్కడిది? ఆ ఇండ్లలో దాచుకొన్నవి ఎండు చింతచిగురు, రేగిపండ్ల వడలు, ఆదిలాబాదు అడవులలో ఇప్పపువ్వు. బ్రిటిషు పాలనలో ఉప్పు మీద పన్ను ఉండేది. 1947లో గాని అది రద్దు కాలేదు. ఊరగాయకు ముఖ్యమైన సరుకే పన్నుతో ప్రియమైతే పేదవాని జాడీ సగమే నిండుతుంది. 1876-78 నాటి ధాత కరవులో కర్నూలు, కడప, నాటి బళ్లారి జిల్లాలు ఘోరంగా నష్టపోయాయి. అప్పటికే రైలుమార్గాలు వచ్చాయి. ధర పలికేచోటికి ధాన్యం తరలిపోయింది. కొనలేనివాని ఊరికి రైలు వచ్చినా రాకున్నా ఒకటే అయినది. పాతరలున్న సీమలోనే ఆ మరణాలు సంభవించాయని మనం మరువరాదు.

పాత పద్ధతి అన్నివేళలా క్షేమకరమనడం కూడ పొరపాటే. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్ల వ్యాధితో మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి, బూజునుండి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషమే కారణమని తెలిపారు. మృతులలో అధికులు గిరిజనులు. పారవేయడానికి వారివద్ద వేరే ధాన్యం లేదు. మన వేరుసెనగకు కూడ ఈ ప్రమాదమున్నది కనుక, బూజు దులిపి వాడుకొనే అలవాటును గట్టిగా మాన్పించాలి.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం సాధారణ లబ్ధిదారునికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది. కూలి ఇంటికి ఏ పాతరా ఇవ్వని ధైర్యాన్ని రేషను దుకాణం ఇచ్చింది. దీనిని తక్కువచేసి మాట్లాడడం కడుపు నిండినవారి మాట. అయితే ఆ సంచిలో వచ్చింది ముఖ్యంగా బియ్యం. మెట్టపొలాల జొన్న, సజ్జ, కొఱ్ఱ వెనుకబడిపోయాయి. వాటితోబాటు వాటిని దాచే తెలివి కూడ.

ఈ రెండింటినీ కలిపిన ప్రయత్నం జహీరాబాదు ప్రాంతంలో జరిగింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన స్త్రీలు, వారిలో అధికులు దళితులు, 1990ల దశకంలో బీడుభూములను సాగులోనికి తెచ్చి, జొన్నలను ఊరిలోనే నిల్వచేసి, ఏ ఇంట ఎంత ఇబ్బంది ఉన్నదో ఊరివారే తేల్చి, పనులులేని నెలలలో తక్కువ ధరకు అందించారు. 2019లో వారికి అంతర్జాతీయమైన ఈక్వేటర్ పురస్కారం లభించింది. వారి ఇళ్లలో పేడమట్టి మెత్తిన గంపలున్నాయి. వాటిలో బూడిద, వేపాకు మధ్య విత్తనాలు ఉంటాయి. విత్తనం లేనివారు అడిగి తీసుకొనిపోయి, పంట ఇంటికి వచ్చిన తరువాత తీసుకొన్నదానికంటె అధికంగా కొలిచి ఇస్తారు.