లైసెన్సు రద్దు – తప్పునకు తగిన దండన



కేసముద్రము మార్కెట్టు యార్డునకు పసుపు, పత్తి, మొక్కజొన్న వచ్చు దినములలో ద్వారముకడ నిలిచి చూచినవారి కొక సంగతి స్పష్టమగును. పంట పండించినవాడు రైతే యైనను, దానిని యార్డునకు చేర్చువాడు ట్రాక్టరు నడుపువాడు. రైలు దిగినవారిని చుట్టుపట్ల గ్రామములకును తండాలకును చేర్చువాడు ఆటో నడుపువాడు. కాడియు మేడియు రైతున కెట్లో, డ్రైవింగు లైసెన్సు వీరి కట్లు. అది పోయిన నాడు ఆ యింట పొయ్యి రాజుట కష్టము.

కావున ఆ లైసెన్సును ఏ తప్పులకు తీసికొనవచ్చును, ఏ తప్పులకు తీసికొనుట తగదు అను విషయమును నేడు మీకు విన్నవింపదలచినాను. బండి నడుపుటతో సంబంధము లేని తప్పులకు లైసెన్సు తీసికొనుట మానవలయునని నా అభిప్రాయము. కారణములను మీరే తూచి చూడుడు.

లైసెన్సనగా నేమి? ఇతనికి బండి నడుపుట తెలియును, ఇతడు త్రోవలో నితరులకు అపాయము కలిగింపడు అని ప్రభుత్వ మిచ్చు నమ్మిక పత్రము. మద్యము త్రాగి నడిపినవాడును, మితిమీరిన వేగముతో పోయినవాడును ఆ నమ్మికను చెడగొట్టుకొన్నవారు. వారి లైసెన్సు తీసికొనుట న్యాయమే. అందు జాలి చూపవలసిన పని లేదు. కాని అప్పు తీర్పనివాడు, పొలముగట్టు తగాదాలో చేయి చేసికొన్నవాడు బండి నడుపుటలో నేమి తప్పు చేసినాడు? ఆ తప్పులకు వేఱు చట్టములును, వేఱు పరిష్కారములును కలవు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము చాలవఱకు ఈ న్యాయమునే పాటించినది. 19వ సెక్షను ననుసరించి లైసెన్సిచ్చు అధికారి దానిని కొంతకాల మాపవచ్చును, లేక రద్దు చేయవచ్చును. అపాయకరముగా నడుపుట, బండి నుపయోగించి నేరము చేయుట, మోసముచే లైసెన్సు పొందుట మొదలగునవి అందలి కారణములు. కేంద్ర నియమములలో ప్రయాణికుని కొట్టుట, వాని సామాను దొంగిలించుట కూడ చేరియున్నవి. ఇవియు బండి నడుపు వృత్తిలో జరుగు తప్పులే. 20వ సెక్షను ప్రకారము కోర్టువారు లైసెన్సు నాపవలెనన్నను, ఆ నేరము ఈ చట్టమునకు లోబడినదిగానో, బండి నుపయోగించి చేసినదిగానో యుండవలయును.

అయితే 19వ సెక్షనులో ఒక మాట మాత్రము త్రోవ తప్పినది. “అలవాటుపడిన నేరస్థుడు” అయినచో, బండితో నిమిత్తము లేకయే లైసెన్సు తీసికొనవచ్చునని అందు కలదు. ఈ మాట వెనుక తెలుగునేలపై బాధాకరమైన చరిత్ర యున్నది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ తెగల చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపించినది. నాడు మన ప్రాంతము నిజాము ఏలుబడిలో నుండెను గాని, కృష్ణకు ఆవల ఎఱుకలవారు మొదలైనవారిని పుట్టుకచేతనే నేరస్థులుగా లెక్కించిరి. స్టువర్టుపురము సెటిల్మెంటు అట్లేర్పడినదే. 1952లో ఆ చట్టము రద్దైనను, “అలవాటుపడిన నేరస్థుడు” అను పేరు వేఱు చట్టములలో మిగిలినది. అట్టి ముద్ర మోయువాడు స్టీరింగు పట్టి కష్టపడి బ్రతుకదలచినచో, ఆ ముద్రనే చూపి వాని పని లాగివేయుట ఏమి న్యాయము? నేరము మాన్పుటకు కూటి పనిని మించిన మందు లేదు.

అమెరికాలో ఈ పద్ధతి పెద్దయెత్తున నడచినది. మన జిల్లాల పిల్లలు పెక్కురు అచ్చట నున్నారు కనుక ఆ సంగతి వినదగినది. 1990 దశకపు ఆరంభమున అచ్చటి కేంద్ర ప్రభుత్వ మొక శాసనము చేసినది. మత్తుమందుల నేరమున శిక్షపడినవాడు ఆ సమయమున బండి నడుపకున్నను, వాని లైసెన్సును ఆఱునెల లాపవలయును. ఆపని రాష్ట్రములకు రోడ్ల నిధులు కొంత తగ్గును. గవర్నరును శాసనసభయు తమ కిష్టము లేదని తెలిపిన రాష్ట్రములకు మాత్రము మినహాయింపు కలదు. ఇదిగాక పెక్కు రాష్ట్రములలో జుల్మానా కట్టలేనివారి లైసెన్సులను కూడ ఆపిరి. అచ్చట చాలచోట్ల బస్సు దొరకదు. బండి లేనిదే పనికి పోలేరు. పనికి పోనిదే జుల్మానా కట్టలేరు. పాడిబఱ్ఱెను తోలుకొనిపోయి పాలు పోయుమన్నట్లైనది. తుదకు మసాచుసెట్సు రాష్ట్రము 2016లో మత్తుమందుల నేరములలో చాలవానికి లైసెన్సు నాపుట మానినది. జుల్మానా బాకీకై ఆపుటను కాలిఫోర్నియా 2017లోను, వర్జీనియా 2020లోను విడిచినవి.

“భయముండవలె గదా” అని కొందఱందురు. తప్పునకును దండనకును సంబంధము కనబడిననే భయము బుద్ధి నేర్పును. లేనిచో కడుపు కొఱకు దొంగచాటుగా బండి నడుపుట నేర్పును. అట్టి బండి ప్రమాదము చేసినచో, బీమా కంపెనీ బాధితునికి చెల్లించిన సొమ్మును యజమానినుండి రాబట్టుకొనవచ్చును. ఒకని శిక్ష రెండిండ్లను ముంచును.

ఇక మీరు తెలిసి యుండవలసినవి చెప్పెదను. 19వ సెక్షను క్రింద ఉత్తరువు చేయుటకు ముందు అధికారి ఆ మనుష్యుని మాట వినవలయును. కారణములను వ్రాసి యుంచవలయును. ఉత్తరువందిన 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. పోలీసువారు లైసెన్సు తీసికొన్నచో 206వ సెక్షను ప్రకారము రసీదీయవలయును. మితిమీరిన వేగము, అపాయకరముగా నడుపుట, మద్యము త్రాగి నడుపుట మొదలగు తప్పులకు తీసికొన్నచో లైసెన్సు తిరిగి వచ్చువఱకు ఆ రసీదుతో బండి నడుపరాదు; ఇతర సందర్భములలో అందు వ్రాసిన గడువువఱకు, లేక లైసెన్సు తిరిగి వచ్చువఱకు, ఏది ముందైన అంతవఱకు, నడుపవచ్చును. చదువురాని యువకునికి ఈ మాట చెప్పి, అర్జీ వ్రాసి యిచ్చుటకు మీకంటె తగినవారు లేరు.

అప్పు తగాదా రచ్చబండకు వచ్చినపుడు “లైసెన్సు తెచ్చి యిచ్చట పెట్టుము” అని తీర్పు చెప్పకుడు. అట్టి అధికారము గ్రామపెద్దలకు లేదు. చట్టములోని ఆ ఒక్క మాటను తొలగింపుడని గ్రామసభలో తీర్మానించి పార్లమెంటు సభ్యునికి పంపుడు. త్రాగి బండి నడుపువానిని మీ కుమారుడైనను దింపుడు. తిన్నగా నడుపుకొని బ్రతుకువానిని వేఱొక తప్పునకై దింపనీయకుడు.